బొగ్గుగనుల సీమలో గృహాలంకారము – ఆదివారపు కళాదర్శనము

“ఇల్లు చూచి ఇల్లాలిని చూడు” మన్న లోకోక్తి మన సోదరీమణు లందఱును ఎఱిగినదే. ఈ సామెతను కట్టినవారు గోదావరీతీరమందలి బొగ్గుగనుల సీమను చూచియుండరని మా తలంపు. రామగుండము, గోదావరిఖని ప్రాంతములయందు కాపురముండెడి ఇల్లాలు తెల్లవాఱుజామున వాకిట సాన్పి చల్లి, ముగ్గు పెట్టి, ఇల్లంతయు తుడిచి వచ్చినను, రెండు జాములగునప్పటికి కిటికీగట్టుమీద వ్రేలితో గీసినచో నల్లని గీత పడును. ఓపెన్‌కాస్టు గనులలో బ్లాస్టింగు చేయు వేళకు అలమారలోని గిన్నెలు గలగల లాడును. వేసవియందు ఎండ నలువదియైదు డిగ్రీలకు మించుట ఇచ్చట వింత గాదు. ఇట్టి చోట గృహాలంకారమును గూర్చి వ్రాయుట పని లేనివారి పని యని కొందఱు నవ్వవచ్చును. కాని అలంకారము నిజముగా అవసరమైనది ఇట్టి చోటనే యని మేము నమ్ముదుము.

ఇరుగుపొరుగు స్త్రీలతో ఈ ప్రసంగము వచ్చినప్పుడెల్ల రెండు ఆక్షేపణలు వినవచ్చుచుండును. “ఇల్లు మనదా ఏందక్కా, సోకులు చేసుకునేటందుకు? రేపు రిటైరైతె తాళంచేతులు కంపెనీకి అప్పజెప్పి పోవుడే గద!” యనునది మొదటిది. “ఐతారం పూట గుళ్ళు గోపురాలు చూడబోతె ప్లేడే పోతది. ఆ పైసలు ఎవలిస్తరు?” అనునది రెండవది. ఈ రెండును త్రోసిపుచ్చదగిన మాటలు గావు. కంపెనీ క్వార్టరు ఉద్యోగమున్నంతవఱకే మనది. ఇక ఆదివారము సంగతి: అది వారపు సెలవుదినము, ఆనాడు పనికి పోయిన కార్మికునకు రెట్టింపు వేతనము లభించును. దానినే ఇచ్చటివారు ప్లేడే యందురు. ఆటదినమను అర్థము గల మాట అధికముగా పాటుపడెడి దినమునకు పేరైనది! ఇంట పెండ్లికెదిగిన ఆడుబిడ్డయో, చదువుకొను కుమారుడో ఉన్నప్పుడు ఆ రెట్టింపు వేతనమును విడుచుకొమ్మని చెప్పుట సులభముగాదు. మేము బడిపంతులుగారి కుటుంబము వారము. మా యింట ఆదివారము ఆదివారమే. అది మా గొప్పగాదు, వృత్తి యిచ్చిన సౌకర్యము. కావున ఈ విషయమున పొరుగువారికి నీతులు చెప్పు అధికారము మాకు లేదు. మేము చూచినదియు, చదివినదియు, ఆలోచించినదియు వారి ముందుంచుట మాత్రమే మా ఉద్దేశము.

ఈ సీమ కథ

1871వ సంవత్సరమున భూగర్భశాస్త్రజ్ఞుడగు డాక్టరు కింగు అనునతడు ఇల్లెందు సమీపమున బొగ్గును కనుగొనెను. 1886లో హైదరాబాదు (దక్కను) కంపెనీ గనులు త్రవ్వు హక్కును పొందెను. 1920వ సంవత్సరము డిసెంబరు 23వ తేదీన సింగరేణి కాలరీస్ కంపెనీ యేర్పడెను. నేడు అందు తెలంగాణ ప్రభుత్వమునకు నూటికి 51 వంతులును, కేంద్రప్రభుత్వమునకు 49 వంతులును భాగము గలదు. గోదావరి గట్టున గనులు తెఱచుట మాత్రము 1960 ప్రాంతమున జరిగినది. అంతకుముందు ఇచ్చట పల్లెలు, పొలములు, అడవులు ఉండెడివి. గని వచ్చిన పిదప నలుదిక్కుల నుండి జనులు చేరిరి. ఏ ఊరివారు ఆ ఊరి పాట తెచ్చిరి, ఆ ఊరి దేవుని తెచ్చిరి, ఆ ఊరి ముగ్గు తెచ్చిరి. 1978లో శంకుస్థాపన జరిగి రామగుండమున మహా విద్యుత్కేంద్రము వెలసినది. ఎరువుల కర్మాగారమును వచ్చినది. అటుపిమ్మట ఓపెన్‌కాస్టు గనులు విస్తరించిన కొలదిని కొన్ని పల్లెలు తమ స్థానములను విడువవలసి వచ్చెను. కావున “ఇల్లు మనదా?” యను ప్రశ్న ఇచ్చట క్వార్టరులోని వారిది మాత్రమే గాదు, తాతలనాటి పెంకుటిల్లు విడిచిపోయిన వారిదియు నదియే.

నిలువని దానికి అందమేల?

ఈ ప్రశ్నకు ఉత్తరము ఏ పుస్తకమునందును వెదుకనక్కఱలేదు. మన వాకిటనే యున్నది. తెల్లవాఱుజామున పెట్టిన ముగ్గు సాయంకాలమునకు చెరిగిపోవును. అది చెరిగిపోవునని ఏ ఇల్లాలైనను ముగ్గు మానుకొన్నదా? తొమ్మిది దినములు తంగేడు, గునుగు, బంతి, కట్ల, గుమ్మడిపూవులు ఏర్చి కూర్చి పేర్చిన బతుకమ్మను సద్దులనాడు మన చేతులతోడనే నీటిలో విడుతుము. గునుగుపూలకు రంగు లద్దుటలో ఆనాటి ఉదయమంతయు గడపిన చేతులే ఆ పూలను నీటి కప్పగించును. నిలుచుట అందమునకు నియమమని మన పెద్దలు ఎన్నడును తలంపలేదు.

ఇంతకంటె గొప్ప నిదర్శనము కావలెనన్నచో పెద్దపల్లి జిల్లాయందలి ఓదెల మల్లన్న దేవళమునకు ఒక ఆదివారము పోవలెను. అచ్చట భక్తుల మ్రొక్కుబడికై ఒగ్గు పూజారులు నేలమీద పట్నములు వేయుదురు. పసుపు, కుంకుమ, బియ్యపుపిండి, ఆకుల పొడి మున్నగు వన్నెల చూర్ణములను చిటికెలతో పట్టి, కొలబద్ద లేకయే, గళ్ళకు గళ్ళు సరిపోవునట్లుగా గీయుదురు. ఆ చేతుల వేగమును, కుదురును చూచి నేర్వవలసినదే. డోలు మ్రోగుచుండగా, ఒగ్గు పలుకుచుండగా మల్లన్న కథ సాగును. తుదకు ఆ పట్నమును పాదములతో త్రొక్కి చెరిపివేయుదురు. గంటల తరబడి పడిన శ్రమ క్షణకాలమున రంగుల ధూళి యగును. చూచువారి కది నష్టముగా తోచదు, కార్యము నెఱవేఱినట్లు తోచును.

కావున మొదటి ఆక్షేపణకు మా సమాధాన మిది: ఇల్లు మనది గాకపోవచ్చును, అందు మనము గడపు దినములు మాత్రము మనవే. ఆ దినములు అద్దెవి గావు.

శాస్త్రకారుల మాట

మన ప్రాచీనులు గృహాలంకారమును చిన్నచూపు చూడలేదు. వాత్స్యాయనుడు లెక్కించిన అఱువదినాలుగు కళలలో చిత్రలేఖనముతో పాటు తండులకుసుమబలివికారములు అనునది యొకటి గలదు. బియ్యముతోను పూలతోను నేలపై రూపములు కూర్చుట యని దాని యర్థము. అనగా మన ముగ్గును, మన బతుకమ్మయు సాక్షాత్తు కళల పట్టికలోనివే. వంటయింటి ముంగిట నున్నందున దానిని మనము కళ యని పిలుచుట మఱచితిమి.

విష్ణుధర్మోత్తరపురాణమందలి చిత్రసూత్రభాగమున మఱియొక చక్కని విధి గలదు. రాజసభలయందును, దేవాలయములయందును తొమ్మిది రసముల చిత్రములును ఉండవచ్చును. కాపురముండెడి ఇండ్లలో మాత్రము శృంగార, హాస్య, శాంతరసములు గల చిత్రములనే యుంచవలె నని దాని సారాంశము. యుద్ధములు, మరణములు, దుఃఖములు ఇంటి గోడల కెక్కరాదు. గనిలో కార్మికుడు ఎనిమిది గంటలు చీకటితోను, వేడితోను, ప్రమాదభయముతోను పెనగులాడి వచ్చును. అతనికి ఇంటి గోడ శాంతరసమునే పలుకవలెను. ఈ మాట వ్రాసిన శాస్త్రకారుడు బొగ్గుగనిని చూడకపోయినను, అలసి వచ్చిన మనుష్యుని చూచియే యుండును.

భవభూతి ఉత్తరరామచరితమున ప్రథమాంకమున చిత్రదర్శనఘట్టము మన సోదరీమణులలో పలువురు చదివియుందురు. లక్ష్మణుడు తమ వనవాసకథను చిత్రములయందు చూపుచుండగా, సీతాదేవికి ఆ వనములను మరల చూడవలెనను కోరిక కలుగును. చిత్రమును చూచిన కన్నులు చోటును చూడగోరును. చోటును చూచిన కన్నులు దాని గుఱుతు నొకదానిని ఇంట నిలుపుకొనగోరును. ఇంటి యలంకారమును, ఆదివారపు యాత్రయు వేఱువేఱు విషయములు గావని మేమనుటకు కారణ మిదియే.

రాత్రిషిఫ్టు వారి గది

ఇక కార్యములోనికి దిగుదము. పట్టణపు పత్రికలలో కనబడు గృహాలంకారచిత్రములు పెద్ద కిటికీలను, వెలుతురును మెచ్చుకొనును. మన సీమలో వెలుతురు ఎంత ముఖ్యమో, పట్టపగలు చీకటి చేసికొనగల యొక గది అంత ముఖ్యము. రాత్రిషిఫ్టు దిగి వచ్చినవారు పగటిపూట నిద్రింపవలెను. నిద్ర చాలనివాడు మరునాడు గనిలో దిగుట ఎంత అపాయకరమో ఆ కుటుంబములకు చెప్పవలసిన పని లేదు. 2019లో భూగర్భగనులలో స్త్రీల నియామకమునకును కేంద్రప్రభుత్వము అనుమతి నిచ్చినది. షిఫ్టు చేసి వచ్చి అలసటతో ఒరుగువారు నేడు పురుషులే కానక్కఱలేదు.

కావున ఉన్న రెండుగదులలో పడమటి యెండ తగులని గదిని నిద్రకు ప్రత్యేకింపవలెను. ఆ కిటికీకి రెండు తెరలు వ్రేలాడదీయవలెను. లోపలిది దట్టమైన ముదురురంగు నూలుగుడ్డ, వెలుపలిది పలుచనిది. పగలు నిద్రవేళ రెండును మూయవచ్చును. తక్కిన వేళల పలుచని దొక్కటియే ధూళి నాపును. వెలుపలి తెరను వారమున కొకసారి ఉతుకవలెను గనుక జరీలు, కుచ్చులు లేనిదిగా నుండుట మేలు. వేసవిలో వట్టివేళ్ళ తడికకు నీరు చల్లి కట్టినచో చల్లదనమునకు చల్లదనము, వాసనకు వాసన. గోడలకు సున్నముతో లేత ఆకుపచ్చనో, లేత గోధుమవన్నెనో కలిపి వేయించిన కంటికి విశ్రాంతి. తెల్లని గోడపై బొగ్గుధూళి త్వరగా కనబడును. ముదురురంగు గోడ గదిని ఇఱుకు చేయును. మధ్యమార్గమే మంచిది.

ఆ గదిలో గడియారము టిక్కుటిక్కుమనునది ఉంచరాదు. తలుపు రెక్కకు పాతగుడ్డ మడత యొకటి కొట్టించినచో మూయునప్పుడు చప్పుడు కాదు. ఇవి యలంకారములా యని అడుగుదురేమో. ఇంటివారి శరీరమునకు సుఖము నీయని అలంకారము బొమ్మలకొలువు వంటిది. పండుగ దినములకే తగును.

గోడలు, నేల, గూళ్ళు

క్వార్టరు గోడకు మేకులు కొట్టుట కొట్టించుట పెద్ద తలనొప్పి. పోవునప్పుడు ఆ బెజ్జములన్నియు పూడ్చవలెను. దీనికి మే మవలంబించిన ఉపాయము చెప్పెదము. గది యొక గోడకు మాత్రము, ఆరడుగుల యెత్తున, పొడవైన చెక్కపట్టె నొకదానిని బిగించి, దానికి కొక్కెములు పెట్టించితిమి. పటములు, తెరలు, చేతిసంచులు, పిల్లల చిత్రములు అన్నియు ఆ పట్టెకే వ్రేలాడును. ఋతువు మాఱినప్పుడు పటములు మార్చుట సులభము. ఇల్లు మాఱినచో పట్టెతో సహా పోవచ్చును. మూడు నాలుగు బెజ్జములు పూడ్చిన చాలును.

నేలకు ప్లాస్టికు చాపలకంటె నూలు జంపఖానా మేలు. ఓరుగల్లు జంపఖానాలు పేరుపొందినవి; వానికి 2018లో భౌగోళిక గుర్తింపు లభించినది. దులుపవచ్చును, ఉతుకవచ్చును, చుట్టి సంచిలో పెట్టవచ్చును. అంత ధర పెట్టలేనివారికి మన బొంత యుండనే యున్నది. పాత నూలుచీరలను నాలుగు మడతలుగా పఱచి, అంచులు కనబడునట్లు కుట్టిన బొంత నేలకు పఱచినను, మంచముపై వేసినను, తలుపునకు తెరగా కట్టినను అందమే. అమ్మమ్మ చీర అంచు ఒకటి, అత్తగారి చీర కొంగు ఒకటి అందుండినచో అది చరిత్రపుస్తకమును అగును.

ప్లాస్టికు పూలగుత్తులను గూర్చి ఒక మాట. అవి వాడవు నిజమే. కాని వాని రేకురేకునందును బొగ్గుధూళి పేరుకొని నెలతిరుగకుండ బూడిదరంగు పొందును. కడిగినను పోదు. దానికి బదులు చిన్న ఇత్తడిచెంబులో వేపరెమ్మయో, తంగేటిపూల కొమ్మయో నిలిపి, వాడిన పిదప మార్చుకొనుట అందము, ఆరోగ్యము, ఖర్చులేమి.

ఆదివారము చూడదగిన తావులు

మన చుట్టునున్న తావులను దూరదేశపువారు వచ్చి చూచిపోవుచుండగా, మనలో పెక్కుమంది చూడనే లేదు. ఒక్క ఆదివారమున ఉదయము బయలుదేరి దీపాలవేళకు ఇల్లు చేరదగినవి కొన్ని చెప్పెదము.

ఓదెలను గూర్చి ముందే చెప్పితిమి. కాజీపేట – బల్లార్ష రైలుమార్గముననే ఆ స్టేషను గలదు. సంక్రాంతి మొదలు ఉగాది వఱకు మల్లన్న దేవళములయందు సందడి మిక్కుటము. ఆడుబిడ్డలను వెంట తీసికొనిపోయి పట్నము వేయు తీరును దగ్గఱనుండి చూపవలెను. మరునాటి ముగ్గు మాఱునో లేదో చూచుకొనుడు!

మంథని గోదావరి తీరమున వేదవిద్యకు ప్రసిద్ధిగన్న ప్రాచీనక్షేత్రము. దేవాలయములతో పాటు అచ్చటి పాత యిండ్లను చూడుడని మా మనవి. నడుమ ఆకాశము కనబడు భవంతి, చుట్టును కఱ్ఱస్తంభముల వసారా, చెక్కుడుపని గల గడప – మన తాతలు ఎండను ఎట్లు జయించిరో ఆ భవంతిలో నిలిచినచో తెలియును. వేడిగాలి పైకి పోవును; నీడ క్రింద నిలుచును. రెండుగదుల క్వార్టరులో భవంతి కట్టలేము గాని, ఎదురెదురు కిటికీల నడుమ అలమార నిలిపి గాలిని అడ్డగింపరాదను పాఠము అచ్చట నేర్చికొనవచ్చును.

కాళేశ్వరమున ప్రాణహిత గోదావరితో కలియును. ఒకే పానవట్టముపై రెండు లింగములుండుట ఆ క్షేత్రవిశేషము. రెండు నదుల నీటివన్నెలు కొంతదూరము కలియక ప్రక్కప్రక్కన పాఱు ఋతువున, రంగుల పొందిక యన నేమో చీరలంగడిలోకంటె అచ్చట బాగుగా బోధపడును.

రామగిరి దుర్గము బేగంపేట చెంత గుట్టపై నున్నది. శ్రావణమాసపు పచ్చదనమున దానిని చూడవలెను. కాళిదాసు మేఘసందేశమందలి రామగిరి నాగపురము దాపుననున్న రాంటెక్ అని పండితులలో పెక్కురి మతము; మన రామగిరి వేఱు. ఐనను ఆషాఢమేఘము ఆ కోటగోడలను తాకునప్పుడు యక్షుని తలచుకొనుటకు అడ్డేమి? గుట్ట యెక్కుట శ్రమ. నీరు, చద్ది వెంట నుండవలెను. చిన్నబిడ్డలు గలవారు క్రిందనుండియే చూచి వచ్చుట మంచిది.

పెద్దపల్లికి సమీపమున ధూళికట్ట యను పల్లెయందు శాతవాహనుల కాలపు బౌద్ధస్తూపము గలదు. సున్నపురాతి ఫలకములపై బుద్ధునకు పడగ పట్టిన ముచిలిందనాగమును చెక్కిరి. గోదావరి గట్టుననే కోటిలింగాల యొద్ద శాతవాహనుల తొలినాణెములు దొరికినవి. రెండువేల సంవత్సరముల క్రిందట మన నేలపై ఉలి పట్టినవారుండిరని పిల్లలకు చెప్పుట ఒక యెత్తు. ఆ రాతిని చూపుట ఒక యెత్తు. నల్లనేల నుండి బొగ్గు మాత్రమే పుట్టునని తలంచు బాలురకు ఆ రాయి మంచి గురువు.

దూరము పోలేని వారికి ఇంటిదగ్గఱనే గోదావరి గట్టు గలదు. డిసెంబరు 23వ తేదీన సింగరేణి దినమును జరుపునప్పుడు మైదానములలో ప్రదర్శనములును, ఆటపాటలును ఉండును. రెండేండ్ల కొకసారి సమ్మక్క సారలమ్మల జాతర వచ్చును. ఇవియు దర్శనములే. చూడవలెనని చూచినచో తెలిసిన చోటును క్రొత్తదగును.

కొనదగినవి, కాపాడుకొను విధము

యాత్ర చేసినప్పుడెల్ల ఏదో యొకటి కొనుట మనకు అలవాటు. దేవళముల యెదుట అమ్ము ప్లాస్టికు సామగ్రి ఎచ్చటనో యంత్రములలో పుట్టి వచ్చినది. దానివలన ఆ యూరి జ్ఞాపకము నిలువదు. సంవత్సరమున కొక్క వస్తువు చాలును. అది మన సీమ చేతిపని యైనచో మేలు.

చేర్యాల నకాశీ పటము సిద్దిపేట జిల్లా చేర్యాలది. గుడ్డకు సుద్దమన్ను, చింతగింజల జిగురు మున్నగునవి పూసి, ఎఱ్ఱని నేపథ్యముపై కథలు వ్రాయుదురు. పూర్వము నలువది అఱువది అడుగుల పొడవైన ఆ పటములను విప్పుచు కథకులు కులపురాణములు చెప్పెడివారు. పద్మశాలీలకు కూనపులివారు భావనాఋషి కథను అట్లే చెప్పుదురు. కథ వినువారు తగ్గినందున నేడు పటము చిన్నదై గోడకెక్కినది. దీనిని తడిగుడ్డతో తుడువరాదు, సుద్ద కరగును. గాజుపలక వెనుక నుంచినచో ధూళిబాధ లేదు.

నిర్మల బొమ్మలు తేలికయైన పొణికికఱ్ఱతో చేసినవి. పండ్లు, పక్షులు, జింకలు మెత్తని రంగులతో సజీవములుగా నుండును. ఇవియు పొడిగుడ్డకే యోర్చును. పొయ్యివేడికి దూరముగా నుంచవలెను.

ఆదిలాబాదు అడవిసీమ యందలి ఓజులు మైనపు అచ్చు చుట్టును మన్ను మెత్తి, కాల్చి, మైనము కరగిపోయిన చోట ఇత్తడి కరగించి పోసి డోక్రాబొమ్మలు చేయుదురు. గోండుల దేవతామూర్తులను చేయువారు వీరే. 2018లో దీనికిని భౌగోళిక గుర్తింపు లభించినది. ఒక్కొక్క అచ్చు ఒక్క బొమ్మకే గనుక ఏ రెండును ఒక్కతీరుగ నుండవు. గీతలలో చిన్నచిన్న తేడా లుండుట లోపముగాదు, చేతిపనికి గుఱుతు. చింతపండుతో తోమినచో నూఱేండ్లుండును. మన ధూళికి తగిన వస్తువు ఇదియే.

కరీంనగరపు వెండితీగపని లోకప్రసిద్ధము. సన్నని తీగలను పేని, చుట్టి, చట్రములలో నింపి అతికి పూలు, లతలు తీర్చుదురు. మిక్కిలి అందమైనది, కాని బొగ్గుపొగ గల చోట వెండి త్వరగా నల్లబడును గనుక గాలి చొరని గాజుపెట్టె లేక తెచ్చి బయట పెట్టరాదు.

బేరమాడునప్పుడు ఒకటి తలంచుకొనవలెను. గనిలో మస్టరు పడిన దినమునకు కూలి నిశ్చయము. ఈ చేతిపనివారికి మస్టరు లేదు, సెలవు లేదు, అమ్ముడు పోయిన దినమే జీతపుదినము. శ్రమ విలువ ఎఱిగిన కార్మికుల ఇండ్లవారు శ్రమకు వెలకట్టుటలో ఇతరులకంటె న్యాయముగా నుందురని మా ఆశ.

ఆదివారపు లెక్క

ఇక ప్లేడే సంగతి. నెలకు నాలుగు ఆదివారములు. కొన్ని నెలల ఐదు. వానిలో మూడింటిని అవసరమున్నచో పనికే యిత్తురు గాక. ఒక్కదానిని ఇంటివారికి మిగుల్చుట సాధ్యమా యని ఆలుమగలు కూర్చుండి లెక్క వేసికొనవలెను. ఆ లెక్కలో ఒకవైపు రెట్టింపు వేతనము వ్రాయుడు. రెండవవైపు ఏమి వ్రాయవలెనో మేము చెప్పుదుము. షిఫ్టులు మాఱుచుండు ఇండ్లలో తండ్రి లేచునప్పటికి బిడ్డలు బడికి పోవుదురు. తండ్రి వచ్చునప్పటికి నిద్రపోవుదురు. ఒకే కప్పు క్రింద నుండియు వారముల తరబడి మాటాడుకొనని తండ్రికొడుకులను మేము ఎఱుగుదుము. మా వాడకట్టున నొక ఇల్లాలు చెప్పిన మాట చెవులలో నిలిచిపోయినది. “బాపు ఎట్లుంటడని మా చిన్నోన్ని అడిగితె, పండుకొని ఉంటడన్నడు పంతులమ్మా” అనెను. నవ్వుచునే చెప్పినది గాని, ఆ నవ్వు ఎక్కువసేపు నిలువలేదు.

ఆ తండ్రి ఓదెలలో డోలుచప్పుడునకు బిడ్డను భుజముపై నెక్కించుకొని నిలిచినచో, మంథని గోదావరిలో చేయిపట్టి దించినచో, ఆ బిడ్డ తండ్రిని వేఱొక రూపమున తలచుకొనును. దీనికి వెల కట్టుట మావలన గాదు. ఇంటింటి అవసరము ఆ యింటివారికే తెలియును. అప్పున్నవారు అప్పు తీర్చుకొనవలసినదే. కాని అవసరము తీఱిన పిదపను అలవాటువలన మాత్రమే నాలుగు ఆదివారములును గని పాలగుచున్నవేమో యని ప్రతి యింటను ఒకసారి తఱచి చూచుకొనుట మంచిది. ఆ మాట ఎత్తవలసినది ఇల్లాలే; ఏలయన, “నేను అలసితిని” అని తనంతట తాను చెప్పు పురుషుడు అరుదు.

ఆదివారపు యాత్ర ఇల్లాలికి మఱియొక వంటశాల కారాదనియు మనవి. తెల్లవాఱక మున్నే లేచి పదిమందికి పులిహోర కలిపి, మోసికొనిపోయి, వడ్డించి, గిన్నెలు మోసికొనివచ్చి తోమినచో అది సెలవుగాదు, రెండవ షిఫ్టు. మగవారు బుట్ట మోయవలెను. పెద్దపిల్లలు నీటిసీసాలు చూచుకొనవలెను. అటుకులు, అరటిపండ్లు, సద్దరొట్టెలు చాలునని ముందే తీర్మానించుకొనవలెను. చూడవలసినది చూచుటకు ఇల్లాలి కన్నులకును తీఱిక యుండవలెను గదా!

రాబోవు నెలలోనే మన సోదరీమణులు ఒక్క ఆదివారమును ఎన్నుకొని, ఒక్క తావును చూచి, ఇంట ఒక్క మూలను సవరించుకొందురుగాక. తెర యొకటి కుట్టినను, పట్టె యొకటి బిగించినను, ప్లాస్టికు పూలు తీసి తంగేటికొమ్మ నిలిపినను మొదలు మొదలే. క్వార్టరు తాళంచేతులు ఒకనాడు అప్పగింపవలసినదే. ఆనాడు ఖాళీయైన గదులలో కంపెనీవారికి గోడలే కనబడును. అందు పెరిగిన బిడ్డలు మాత్రము ఎచ్చటికి పోయినను, పచ్చని గోడపై ఎఱ్ఱని పటమును, కిటికీలోని ఇత్తడిచెంబును, ఆదివారము నాడు మేలుకొని యుండిన తండ్రిని తమ వెంట తీసికొని పోవుదురు.